పక్షివీక్షణము, పక్షిపట్టికలు

పక్షులను వాటి సహజనివాసములందు, వాటి నిత్యకృత్యములకు భంగము కలిగింపక పరిశీలించి, జాతిని గుర్తించి, స్థలకాలసంఖ్యలతో లిఖించియుంచు అభ్యాసమునకు పక్షివీక్షణమని పేరు. ఇందు చూచుట, వ్రాయుట అని రెండంగములు కలవు. చూచుటవలన కలుగు ఆనందము చూచినవానితో ముగియును. ఏ నాడు, ఏ చెరువుగట్టున, ఏ పక్షులు ఎన్ని కనబడినవో తెలుపు చిన్న కాగితము మాత్రము, వ్రాసినవాని ఊహకు తట్టని ప్రశ్నలకు సైతము ఏబదియేండ్ల పిమ్మట సమాధానము చెప్పగలదు. వినోదముగా మొదలైన ఈ అభ్యాసము శాస్త్రమునకు ఉపాంగమైనది ఈ రెండవ అంగమువలననే. ప్రపంచమున సుమారు 11,000 పక్షిజాతులును, భారతదేశమున 1,300కు పైబడిన జాతులును గుర్తింపబడియున్నవి. ఇన్నింటి స్థితిగతులను కనిపెట్టియుండుటకు వృత్తిశాస్త్రజ్ఞులు చాలరు గనుక, ఉపాధ్యాయులు, వైద్యులు, విద్యార్థులు, గృహిణులు, రైతులు తమ తీరికవేళల వ్రాసిన పట్టికలే ఈ శాస్త్రమునకు మూలధనమగుచున్నవి.

పూర్వపరిచయము

పక్షిని చూచుటకై పనిగట్టుకొని బయలుదేరుట తెలుగువారికి క్రొత్త కాదు. విజయదశమినాడు జమ్మిచెట్టునకు పూజ చేసి, ఊరివెలుపలి పొలములలో పాలపిట్టను చూచి ఇల్లు చేరుట తెలంగాణమున నేటికిని నిలిచియున్న ఆచారము. ఒక్క జాతికొరకు ఒక్కనాడు ఊరంతయు కదలు యాత్ర అది. చెరువుగట్టున తీతువు ఎలుగెత్తి అరచినచో మనిషియో మృగమో కదలుచున్నదని కావలివాడు గ్రహించును. మేయు పసులవెంట తిరుగుచు, వాటి కాలిక్రింద లేచు పురుగులను పట్టి తినెడు ఏట్రింతకు పసులపోలిగాడని పేరు పెట్టినవారు దాని ప్రవృత్తిని చక్కగా గమనించినవారే. ఐనను ఈ పరిచయమంతయు మనుష్యుని అవసరమును, భయమును, భక్తిని ఆశ్రయించినట్టిది. సంస్కృతమున శకునమను పదమునకు పక్షియనియు, శుభాశుభసూచన యనియు అర్థములుండుట ఇందుకు తార్కాణము: మానవుడు చిరకాలము తన భవిష్యత్తును తెలిసికొనుటకే పక్షివంక చూచెను. పక్షిని పక్షికొరకే చూచుట ఇటీవలి పరిణామము.

పాశ్చాత్యదేశములందు వికాసము

ఇంగ్లండునందలి సెల్బోర్ను గ్రామమున చర్చిపురోహితుడుగా నుండిన గిల్బర్ట్ వైట్ (1720-1793) తన గ్రామపు ప్రకృతిని గూర్చి దీర్ఘకాలము వ్రాసికొనిన విషయములు 1789లో గ్రంథరూపమున వెలువడినవి. చూపునకు ఒక్కటిగా తోచు మూడు చిన్న ఆకుపిట్టలను వాటి కూతలలోని భేదమునుబట్టి వేర్వేరు జాతులుగా నిర్ణయించుట ఆయన చెవికిని, దినచర్యకును కలిగిన విజయము. ఆ పిమ్మట పందొమ్మిదవ శతాబ్దమంతయు తుపాకియుగము. పక్షిని కొట్టి, చర్మమును ఒలిచి, భద్రపరచి, దానికి చీటి కట్టిననే గాని గుర్తింపు ప్రమాణముగా చెల్లెడిది కాదు. ఆ యుగాంతమున ఎడ్మండ్ సెలూస్ అను ఆంగ్లేయుడు తుపాకిని విడిచి, పక్షుల జీవితమును ఓపికతో గమనించి, 1901లో బర్డ్ వాచింగ్ అను పేర నొక గ్రంథమును ప్రకటించెను. ఈ అభ్యాసమునకు ఆ పేరే స్థిరపడినది.

అమెరికాలో క్రిస్మస్ పండుగనాడు జట్లుజట్లుగా వేటకు పోయి, చంపిన ప్రాణుల సంఖ్యనుబట్టి గెలుపోటములను నిర్ణయించు వేడుక యుండెడిది. ఫ్రాంక్ చాప్‌మన్ అను పక్షిశాస్త్రజ్ఞుడు 1900లో అందుకు ప్రతిగా, చంపుటకు మారు లెక్కించుడని పిలుపునీయగా, ఆ సంవత్సరము 27 మంది 25 స్థలములందు పక్షులను లెక్కించిరి. నాడు మొదలైన ఆ గణన నేటికిని ఏటేట జరుగుచున్నది. 1934లో రోజర్ టోరీ పీటర్సన్ ప్రకటించిన క్షేత్రదర్శినిలో ప్రతి చిత్రమునందును జాతిని వేరుపరచు ముఖ్యలక్షణములను బాణపుగుర్తులతో చూపుటచేత, పక్షి చేతికి చిక్కకయే దూరమునుండి గుర్తించుట సామాన్యునికి సాధ్యమైనది.

భారతదేశమున

ఈ దేశమున పక్షులను క్రమముగా నమోదు చేసినవారు తొలుత కంపెనీ కొలువులోని వైద్యులు, సైనికులు, రెవెన్యూ అధికారులు. వారిలో టి.సి. జెర్డన్ (1811-1872) రచించిన భారతపక్షిగ్రంథము 1862-64 మధ్య వెలువడినది. అలన్ ఆక్టేవియన్ హ్యూమ్, 1885లో కాంగ్రెసు మహాసభ స్థాపనకు పూనుకొనుటకు ముందే, దేశమంతట తనకు లేఖలు వ్రాయు వీక్షకులను సమకూర్చుకొని, వారి వార్తలను ప్రకటించుటకై 1872లో ఒక పత్రికను నెలకొల్పియుండెను. 1883లో స్థాపితమైన బొంబాయి ప్రకృతిచరిత్రసంఘము ఈ సంప్రదాయమును స్థిరపరచినది.

సాలిం ఆలీ (1896-1987) పక్షివీక్షణమును సర్వజనసులభము గావించెను. 1941లో వెలువడిన ఆయన భారతపక్షుల పుస్తకము ఎన్నియో తరముల వీక్షకులకు ఓనమాలు నేర్పినది. డిల్లన్ రిప్లీతో కలిసి రచించిన పది సంపుటముల బృహద్గ్రంథము 1968-74 మధ్య ప్రకటితమైనది. చర్మములను సేకరించు యుగమున శిక్షణ పొంది, లెక్కించి వ్రాయు యుగమునకు దారి చూపిన ఆయన జీవితము ఈ రెండు యుగములకును వారధి.

తెలుగునాట

జెర్డన్ 1840ల దశకమున నెల్లూరున వైద్యాధికారిగా నుండెను. ఆయన గ్రంథమున అనేకజాతులకు శాస్త్రీయనామముతోపాటు తెలుగుపేరును చేర్చి వ్రాయుట గమనింపదగినది. ఆ పేర్లను చెప్పినవారు వేటకాండ్రు, బోయలు, పల్లెవాసులు. తెలుగు పక్షిపట్టికకు మొదటి ఉపాదానము వారి నోటిమాట యనుట తప్పు కాదు. 1930-37 మధ్య హ్యూ విస్లర్, నార్మన్ కినియర్ అనువారు తూర్పుకనుమల పక్షులను గూర్చిన సర్వేక్షణను బొంబాయిసంఘపు పత్రికయందు భాగములుగా ప్రకటించిరి. 1931-32లో సాలిం ఆలీ నిజాము ప్రభుత్వపు సాయముతో హైదరాబాదు రాజ్యమున సంచరించి, పక్షిసర్వేక్షణము గావించెను. తరువాతి కాలమున ఈ ప్రాంతమును పరిశీలించినవారు పలువురు తమ పట్టికలను ఆయన పట్టికతో పోల్చుకొనుచు వచ్చిరి.

మలయాళమున ఇందుచూడన్ అను కలంపేర ప్రసిద్ధుడైన కె.కె. నీలకంఠన్ పశ్చిమగోదావరిజిల్లాలోని ఆరేడు గ్రామమున గూడబాతులు గుంపులుగా గూళ్లు కట్టి పిల్లలను పెంచుచుండుటను గమనించి 1949లో ప్రకటించెను. విశాఖపట్టణమున కె.ఎస్.ఆర్. కృష్ణరాజు తూర్పుకనుమలను ఏండ్లతరబడి శోధించి, హిమాలయప్రాంతములందు సామాన్యమైన చెట్టుపిచ్చుక ఈ కనుమలలోను నివసించుచున్నదని ట్రెవర్ ప్రైస్‌తో కలిసి 1973లో వెల్లడించెను. రిప్లీ, బీలర్ అనువారితో కలిసి విశాఖకనుమల పక్షులను గూర్చి విపులమైన వ్యాసములను రచించెను. 1980లో హైదరాబాదున ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ పక్షివీక్షకుల సంఘము సామూహికవిహారములను నడపుచు ఈ అభ్యాసమును నగరవాసుల కుటుంబములలోనికి కొనివచ్చినది.

ఒక పేరు, ఒక చీటి

పట్టికయందలి సత్యము ఎంత విలువైనదో, అసత్యము ఎంత హానికరమో రెండు పక్షుల చరిత్రలు తేటపరచును.

కలివికోడి పెన్నాతీరపు పొదలనేలలందు నివసించు నిశాచరపక్షి. జెర్డన్ సంపాదించిన దానినిబట్టి 1848లో ఎడ్వర్డ్ బ్లైత్ దీనిని వర్ణించెను. 1900లో హోవర్డ్ కాంబెల్ అనంతపురము సమీపమున చూచిన పిదప దీని జాడ తెలియక, ఇది అంతరించినదని పలువురు తలచిరి. 1986 జనవరిలో బొంబాయిసంఘమునకు చెందిన భరత్ భూషణ్ కడపజిల్లా రెడ్డిపల్లె ప్రాంతమున దీనిని మరల కనుగొనెను. శాస్త్రజ్ఞులు పగటివేళ వెదకుచుండగా, అచటి పల్లెవాసులు దీనిని రాత్రిపిట్టగా ఎరిగియే యుండిరి. కలివిపొదలలో తిరుగునది గనుక కలివికోడియని పేరును పెట్టియుండిరి. తుదకు ఒక స్థానికుని చేతికే ఇది రాత్రివేళ దీపపువెలుతురున చిక్కినది. ఎనుబదియారేండ్లు శాస్త్రపట్టికలందు ఖాళీగా నుండిన గడి ఊరివారి నిఘంటువున నిండియే యున్నదన్నమాట. దీనికొరకు శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడినది. దీని నివాసమును కాపాడుటకై తెలుగుగంగ కాలువమార్గము మార్పబడినది. తరువాతి పరిశోధకులు పొదలమధ్య మెత్తనిమన్ను పరచి, ఉదయమున దానిపై పడిన అడుగుజాడలను కొలిచి దీని యునికిని నమోదు చేసిరి. పక్షి కంటబడకున్నను, దాని యడుగు ప్రమాణముగా పట్టిక కెక్కినది.

రెండవది అడవిపైడికంటె యను చిన్న గుడ్లగూబ. హ్యూమ్ దీనికి 1873లో శాస్త్రీయనామమిడెను. 1884లో జేమ్స్ డేవిడ్‌సన్ సేకరించిన పిమ్మట ఇది కానరాలేదు. 1914లో గుజరాతున దీనిని తాను సంపాదించితినని రిచర్డ్ మైనర్ట్‌జ్‌హాగన్ అను సైనికాధికారి వ్రాసిన చీటి మాత్ర మొకటి మిగిలినది. ఆ చీటిని నమ్మి కొందరు ఆ చోట వెదకి విఫలులైరి. పామెలా రాస్ముసెన్ అను పక్షిశాస్త్రజ్ఞురాలు తన సహచరులతో పరిశీలింపగా, అది డేవిడ్‌సన్ సేకరించిన పక్షియే యనియు, దొంగిలించి క్రొత్తచీటి కట్టినట్టిదనియు తేలినది. ఆ బూటకపు చీటిని త్రోసిపుచ్చి, పాత సత్యమైన చీటులు చూపిన స్థలములను అనుసరించి పోగా, 1997 నవంబరులో మహారాష్ట్రలోని శహాదా సమీపమున ఆ పక్షి పట్టపగలు చెట్టుపై కూర్చుండి కనబడినది. పేరుప్రతిష్ఠలకొరకు వ్రాసిన ఒక్క అసత్యపంక్తి పక్షి ఉన్నచోటును మరుగుపరచి, లేనిచోట వెదకించినది. కావున తేదిని, స్థలమును ఉన్నదున్నట్లు వ్రాయుట వీక్షకునికి మొదటి ధర్మము.

గుర్తించు విధము

జాతినిర్ణయమునకు రంగొక్కటే ఆధారముగా గొనుట ప్రారంభకులు చేయు సామాన్యదోషము. వెలుతురు, వయస్సు, ఋతువు, లింగభేదము రంగును మార్చును. పరిమాణము, ఆకారము, ముక్కు, కాళ్లు, తోక, ఎగురు తీరు, కూర్చుండు చోటు, కూత అనువానిని క్రమముగా గమనింపవలెను. పరిమాణమును పిచ్చుక, గోరింక, పావురము, కాకి, గద్ద అను పరిచితపక్షులతో పోల్చి చెప్పుట సాలిం ఆలీ పుస్తకముతో అందరికిని అలవడిన సులభమార్గము.

కొన్ని ఉదాహరణములు: ఆకాశమున తిరుగు నల్లగద్ద తోక చీలియుండును, గరుడపక్షి తోక గుండ్రముగా నుండును; ఎంత ఎత్తున నున్నను ఈ భేదము దుర్భిణికి అందును. తెల్లకొంగలలో నల్లనిముక్కు, నల్లనికాళ్లు, పసుపుపచ్చని పాదములు గలది చిన్నకొంగ. పసుపుపచ్చని ముక్కుతో గేదెలవెంట నడచునది పసులకొంగ. బురదరంగున మడుగుప్రక్క ముడుచుకొనియుండు గుడ్డికొంగ, మనిషి మీదికి వచ్చువరకు కదలక, లేచినంతనే తెల్లని రెక్కలు చాచి మరియొక పక్షియో యనిపించును. కదలదు గనుక దానికి చూపు లేదనుకొని జనులా పేరిడిరి. పాలపిట్టయు నిట్టిదే; తీగపై కూర్చున్నప్పుడు గోధుమవన్నెతో సాదాగా నుండి, ఎగిరినప్పుడు రెక్కలలోని నీలములన్నింటిని ఒక్కమారుగా వెల్లడించును.

అడవులలో చూపుకంటె వినుకలి ముఖ్యము. ఆకుల మరుగున నుండు పక్షులలో ననేకములు కూతచేతనే పట్టుబడును. చూడక, విని మాత్రమే గుర్తించినదానిని పట్టికయందు చేర్చుట శాస్త్రసమ్మతమే. విన్నదని వ్రాసిన చాలును.

పరికరములు

బైనాక్యులర్ అని వాడుకలోనున్న దుర్భిణి, నోటుపుస్తకము, పెన్సిలు, ప్రాంతీయపక్షుల చిత్రగ్రంథము: ఇవి చాలును. దుర్భిణిపై 8×42 అని యుండినచో, మొదటి అంకె ఎన్నిమడుగులు పెద్దదిగా చూపునో తెలుపును. రెండవది ముందరికటకపు వ్యాసమును మిల్లీమీటర్లలో తెలుపును. రెండవదానిని మొదటిదానితో భాగింపగా వచ్చు 5.25 మిల్లీమీటర్లు కంటికి చేరు వెలుతురుపుంజపు వెడల్పు. ఇది ఎక్కువైనకొలది తెల్లవారుజామునను సంధ్యవేళను పక్షి స్పష్టముగా కనబడును. పదిమడుగుల దుర్భిణి మరింత దగ్గరగా చూపును గాని, చేతివణకునుకూడ అంతగా పెంచును, చూపు మేరను కుదించును. అందుచేత క్రొత్తవారికి ఎనిమిదిమడుగులది మేలు. విశాలజలాశయములందు దూరపు బాతులను, ఉల్లంకిపిట్టలను వేరుపరచుటకు ముక్కాలిపీటపై నిలుపు టెలిస్కోపు అవసరమగును. కూతను విని జాతిని సూచించు ఫోను అప్లికేషనులు నేడు వ్యాపించినవి. అవి సాక్షులే గాని న్యాయాధిపతులు కావు.

విహారము

సూర్యోదయమునుండి రెండుమూడు గంటలు పక్షులు మిక్కిలి చురుకుగా నుండును. సాయంకాలము సూర్యాస్తమయమునకు ముందరి గంట రెండవ మంచివేళ. మట్టిరంగు దుస్తులు, మెల్లని నడక, తగ్గిన స్వరము, వీపున సూర్యుడు ఉండునట్లు నిలుచుట మేలు. ఒకేదినమున పది స్థలములకు పరుగిడుటకంటె ఒకే చెరువునకు ఏడాదిలో పదిమార్లు పోవుట ఫలప్రదము. మొదటిమారు పక్షులను మాత్రమే చూచు వీక్షకుడు, పదవమారునకు నీటిమట్టము దిగినప్పుడు బురదపిట్టలెట్లు చేరునో, తుమ్మలు పూచినప్పుడు ఏవి వచ్చునో, ఏ నెలలో ఏ గొంతు మూగవోవునో తెలిసికొనును.

పట్టిక వ్రాయు విధము

పట్టిక శిరమున తేది, స్థలము, మొదలిడిన వేళ, ముగించిన వేళ, నడచిన దూరము, వీక్షకుల సంఖ్య వ్రాయవలెను. పిదప జాతులను, ఒక్కొక్కదానికి ఎదుట సంఖ్యను, వలసినచో గూడు, పిల్ల, జంటకూడుట, మేత మున్నగు విశేషములను చేర్చవలెను. చూచిన వెంటనే వ్రాయుట ముఖ్యము. ఇల్లు చేరి జ్ఞప్తికి తెచ్చుకొని వ్రాసిన పట్టికలో మనస్సు తన యిష్టమైన పక్షులను చేర్చి, సామాన్యములను విడుచును.

వేళను, దూరమును ఎందులకు వ్రాయవలెనను ప్రశ్న కలుగవచ్చును. గంటసేపు చూచి ఐదు గోరింకలను కనుగొనుట వేరు, ఆరుగంటలు చూచి ఐదింటిని కనుగొనుట వేరు. శ్రమ తెలియనిదే సంఖ్యకు అర్థము లేదు. అట్లే గుర్తుపట్టగలిగిన జాతులనన్నింటిని విడువక వ్రాసిన దానినే సంపూర్ణపట్టిక యందురు. అట్టి పట్టికలో పాలపిట్ట పేరు లేదన్నచో, ఆనాడు అచట అది కానరాలేదని నిశ్చయింపవచ్చును. ఇష్టమైనవానిని మాత్రమే ఏరి వ్రాసిన పట్టికలో లేకపోవుటకు ఏ అర్థమును చెప్పజాలము. ఒక జిల్లానుండి ఒక మాసమున నూరు సంపూర్ణపట్టికలు వచ్చి, వానిలో అరువదింట పాలపిట్ట కలదనుకొందము. పదేండ్ల పిదప అదే మాసమున, అదే తీరున వ్రాసిన నూరుపట్టికలలో నలువదింట మాత్రమే యున్నచో, ఆ పక్షి క్షీణించుచున్నదని అనుమానించుటకు ఆధారము దొరకినట్లే. లేమిని నమ్మదగినరీతిగా నమోదు చేయుటయే సంపూర్ణపట్టికయందలి కీలకము.

గుంపులను లెక్కించుటకు, పది పక్షులు ఆక్రమించు చోటును కంటితో కొలిచి, అట్టివి పదింటిని కూర్చి నూరనుకొని, ఆ కొలతను గుంపుపై పరచుచు పోవుట వాడుక. ప్రళయకావేరి సరస్సునందలి వేలకొలది రాజహంసలను లెక్కించువారు ఈ విధము నవలంబింతురు. గుర్తింపు కుదరనప్పుడు ఉల్లంకిపిట్టయనియో, గద్దజాతిదనియో మాత్రమే వ్రాసి విడుచుట లజ్జాకరము కాదు. ఊహించి పేరుపెట్టుటయే దోషము.

వీక్షకులు తమ జీవితమున చూచిన జాతులన్నింటికి ఒక జీవితపట్టికను, ఒక్కొక్క జిల్లాకును సంవత్సరమునకును వేర్వేరు పట్టికలను పెట్టుకొనుట కలదు. ఇది ఉత్సాహమును పెంచును గాని, కొందరిలో సంఖ్యావ్యామోహమై, అరుదైనదానికొరకు పరుగిడి కాకిని లెక్కింపక విడుచు అలవాటును కలిగించును. సామాన్యపక్షిని వ్రాయవలసిన అగత్యమును రాబందుల చరిత్ర నేర్పినది. 1980ల దశకమున తెల్లవీపురాబందు దేశమున ఎంత విస్తారముగా నుండెననగా, దానిని లెక్కించుట వ్యర్థమని పలువురకు తోచియుండును. 1991-93 మధ్య రహదారులవెంట పోవుచు వేటపక్షులను లెక్కించి వ్రాసినవారు కొందరుండుటచేతనే, 2000లో అవే మార్గములందు మరల లెక్కింపగా క్షీణత యొక్క తీవ్రత అంకెలలో తెలిసినది. 2007 నాటికి ఈ జాతిలో నూటికి తొంబదితొమ్మిదికి మించి నశించినవి. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ అను నొప్పిమందు కళేబరములద్వారా వాటి మూత్రపిండములను చెరచుచున్నదని 2004లో నిర్ధారణ కాగా, 2006లో పశువైద్యమున దాని వాడుక నిషేధింపబడినది. పాత లెక్క లేకున్నచో క్రొత్తలెక్కకు పోలిక యుండెడిది కాదు.

ఋతువులు, క్షేత్రములు

అక్టోబరు మొదలు మార్చి వరకు తెలుగునాట పక్షివీక్షణమునకు ఉత్తమకాలము. టిబెట్టు, మంగోలియా ప్రాంతములనుండి హిమాలయములను దాటి వచ్చు పట్టీతలబాతులు, ఉత్తరాసియానుండి వచ్చు ఉల్లంకిపిట్టలు, జొన్నచేలపై మబ్బువలె వాలు గులాబివన్నె గోరింకలు ఈ కాలపు అతిథులు. కవిసమయమున ప్రసిద్ధమైన చాతకము తొలకరితో మధ్యోత్తరభారతములకు చేరుననుట ఊహ కాదు. ఆఫ్రికానుండి నైరుతిపవనములతోపాటు అది వచ్చుట వీక్షకుల పట్టికలందును రుజువైనది. వర్షాకాలము గిజిగాని గూళ్లను చూచుటకు తగినది.

ఉమ్మడి నెల్లూరుజిల్లాలోని నేలపట్టుచెరువున, నీటిలో నిలిచిన చెట్లపై గూడబాతులు గూళ్లు కట్టును. వాటి రెట్టతో సారవంతమైన చెరువునీరు తమ పొలములకు ఎరువగునని ఎరిగి గ్రామస్థులు వాటిని కాపాడుచు వచ్చిరి. దీనికి సమీపముననే ఆంధ్ర, తమిళనాడు రాష్ట్రములకు ఉమ్మడియైన ప్రళయకావేరి ఉప్పునీటిసరస్సు కలదు. కృష్ణాగోదావరుల డెల్టాలమధ్య నున్న కొల్లేరు 1999లో అభయారణ్యముగను, 2002లో అంతర్జాతీయప్రాముఖ్యము గల రామ్‌సార్ క్షేత్రముగను ప్రకటితమైనది. అందలి ఆటపాకయందు ఇనుపమంచెలపై సైతము గూడబాతులు గూళ్లు కట్టుచున్నవి. శ్రీకాకుళమున తేలినీలాపురము, గుంటూరు చెంత ఉప్పలపాడు, ఉమ్మడి అనంతపురమున వీరాపురము ఎర్రకాళ్లకొంగలకు పేరెన్నికగన్నవి. కాకినాడ ప్రక్కనున్న కోరంగి మడయడవులు తీరపక్షులకును, అరకులోయ, అనంతగిరి కొండపక్షులకును నెలవులు. కర్నూలు ప్రాంతపు రోళ్లపాడు బట్టమేకపిట్టకొరకు 1988లో అభయారణ్యమైనది. అచట ఆ పక్షి కానవచ్చుట నేడు మిక్కిలి అరుదు. తెలంగాణమున మంజీర, పోచారము జలాశయములు ప్రసిద్ధములు. హైదరాబాదు అంచుననున్న అమీన్‌పురము చెరువు 2016లో జీవవైవిధ్యవారసత్వస్థలముగా గుర్తింపబడినది.

సామూహికగణనలు

1987లో ప్రారంభమైన ఆసియా నీటిపక్షిగణన ఏటేట జనవరిలో, సంక్రాంతి దినములను ఆనుకొని జరుగును. ఒకే పక్షమున అనేకదేశములవారు తమతమ చెరువులను లెక్కింతురు గనుక, వలసపక్షి ఒకచోట తగ్గి మరియొకచోట పెరిగినదో, అంతటను తగ్గినదో తెలియును. ఫిబ్రవరిలో నాలుగుదినములు జరుగు పెరటిపక్షిగణనలో భారతీయులు 2013నుండి పాల్గొనుచున్నారు. 2002లో అమెరికాలో నెలకొల్పబడిన ఈబర్డ్ అను భాండాగారమున ప్రపంచమందలి వీక్షకుల పట్టికలు చేరుచున్నవి. వాని ఆధారముననే 2023లో వెలువడిన భారతపక్షిస్థితినివేదిక 30,000కు పైబడిన వీక్షకుల మూడుకోట్లకు మించిన నమోదులను పరిశీలించి, 942 జాతులను గూర్చి అభిప్రాయమును ప్రకటించినది. ఊరపిచ్చుక దేశమంతట అంతరించుచున్నదను లోకప్రవాదమునకు భిన్నముగా, పెద్దనగరములందు తగ్గినను మొత్తమున అది నిలకడగనే యున్నదని 2020 నాటి తొలినివేదికయే తెలిపియుండెను; కాగా ఎవ్వరును అంతగా శంకింపని పాలపిట్ట క్షీణించుచున్నదని 2023 నివేదిక వెల్లడించినది. అపోహను తొలగించుటకును, ఏమరుపాటును హెచ్చరించుటకును ఒకే పట్టికలు ఉపకరించినవి.

నియమములు

గూటిని సమీపించి ఛాయాచిత్రములు తీయుట, కొమ్మలను తొలగించుట, ధ్వనిముద్రితమైన కూతను పదేపదే వినిపించి పక్షిని బయటికి రప్పించుట నింద్యములు. గూటినుండి తల్లి లేచిన కొద్దిసేపటిలోనే గ్రుడ్లు ఎండకు పాడు కావచ్చును, లేదా కాకిపాలు కావచ్చును. కలివికోడివంటి అరుదైన జాతుల నివాసమును బహిరంగముగా ప్రకటింపరాదు. దసరానాడు చూపించి సొమ్ముచేసికొనుటకై పాలపిట్టలను పట్టి పంజరములందుంచుట 1972 నాటి వన్యప్రాణిసంరక్షణచట్టము ననుసరించి నేరము. చూచుటచేత శుభము కలుగునని నమ్మిన పక్షినే బంధించుట ఆచారమునకును చట్టమునకును విరుద్ధము.

నామసమస్య

తెలుగు వీక్షకునికి మరియొక పని మిగిలియున్నది. తెలుగున ఒకే పేరు పలుజాతులకును, ఒకే జాతికి జిల్లాకొక పేరును చెల్లుచున్నవి. ఏట్రింత, పసులపోలిగాడు ఒకే పక్షి. ఉల్లంకిపిట్ట యన్నచో పదుల జాతులు. మరికొన్నింటికి ఆంగ్లనామమునుండి కల్పించిన పేర్లు పుస్తకములందు మాత్రమే నిలిచినవి. కావున పట్టికయందు శాస్త్రీయనామపు ప్రక్కన మరియొక గడిని విడిచి, ఆ యూరివారు ఆ పక్షిని ఏమని పిలుతురో, చెప్పినవారు పసులకాపరులో, జాలరులో, రైతులో, ఊరిపేరుతోసహా వ్రాసికొనుట మంచిది. జెర్డన్ వ్రాసికొనిన పేర్లు నూటయరువదియేండ్లుగా నిలిచియున్నవి. వ్రాసికొనువారు లేక ఎన్ని పోయినవో లెక్క లేదు. రెడ్డిపల్లె పొదలలో కలివికోడి మరల దొరకుటకు ముందే దాని పేరు దొరకియుండెనను సంగతి ఆ గడిని నింపువారికి చాలినంత హేతువు.